తార గాంధారం దగ్గర గొంతు విరిగేవాళ్లకు: సీతమ్మధార ఆదివారం క్లాసు ఎలా ఉంది

విశాఖలో సంగీతం నేర్పేవాళ్లకు కొదవ లేదు. సరళీ స్వరాల నుంచి కృతుల దాకా నేర్పే ఇళ్లు ప్రతి కాలనీలోనూ ఉన్నాయి. సరిగమపదని దాటాక వచ్చే పై 'స'నే తార షడ్జం అంటారు; దాని పైన వచ్చే రి, గ, మ, ప తార రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం. కానీ "పై షడ్జం దాటితే గొంతు పగిలిపోతోందండీ" అని అడిగి చూడండి. చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే: "సాధన చెయ్యి, అదే వస్తుంది." అదే రాదు. తప్పు దారిలో గంటలకొద్దీ సాధన చేస్తే ఆ పగులే అలవాటవుతుంది. అందుకే ఈ ఒక్క ఇబ్బంది కోసమే పెట్టిన క్లాసు ఒకటి ఉందంటే చూడాలనిపించింది. ఎనిమిది ఆదివారాలూ పూర్తిగా చూశాక రాస్తున్న మాటలివి. పేరు రాయడం లేదు. నగరంలో ఇలాంటివి ఇంకా వస్తాయి, ఏది ఎంచుకున్నా చూసుకోవాల్సినవి ఇవే.

సీతమ్మధార వైపు ఒక మేడ మీద గది. ఉదయం 6:30కి మొదలై 8 గంటలకు ముగుస్తుంది. ఎనిమిది క్లాసులకు 3,600 రూపాయలు. బ్యాచ్‌లో పద్నాలుగు మంది: కరోకే పాడే ఉద్యోగులు, కచేరీలకు సిద్ధమయ్యే ఇద్దరు అమ్మాయిలు, పద్యనాటకాలు వేసే ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పదమూడేళ్ల కుర్రాళ్లు.

ముందుగా చెప్పాల్సింది మొదటి రోజు పరీక్ష గురించి. ఈ క్లాసు విలువలో సగం అందులోనే ఉంది.

రెండో శ్రుతిలో పాడే ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. మేష్టారు అతన్ని నిలబెట్టారు. (శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తు; అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది.) శంకరాభరణం రాగం స్వరాల్లో పైకి వెళ్లమన్నారు. తార రిషభం బాగానే పలికింది. గాంధారం దగ్గర గొంతు టక్కుమని విరిగి సన్నటి కీచు గొంతులోకి జారిపోయింది. "నాకు గాంధారం రాదు మేష్టారూ" అన్నాడు. మేష్టారు శ్రుతి పెట్టె ఒకటికి దించారు. ఈసారి గాంధారం హాయిగా వచ్చింది, మధ్యమమూ వచ్చింది, పంచమం దగ్గర విరిగింది. మూడుకు పెంచితే రిషభమే విరిగింది. పక్కన పెట్టిన ఫోనులో ట్యూనర్ యాప్ మూడుసార్లూ ఇంచుమించు ఒకే చోటు చూపించింది: 370 హెర్ట్జ్ (ధ్వని ఎత్తుకు కొలత) అటూ ఇటూ. "గాంధారం తప్పేం లేదు బాబూ. నీ గొంతులో మలుపు అక్కడుంది. ఏ స్వరం దాని మీదకొస్తే ఆ స్వరం విరుగుతుంది" అన్నారు.

ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే ఎంతమంది ఒక రాగాన్నో ఒక స్వరాన్నో తిట్టుకోవడం మానేసేవారో. మగ గొంతుల్లో ఈ మలుపు ఎక్కువగా 330 నుంచి 370 హెర్ట్జ్ మధ్య వస్తుంది. శ్రుతి మారితే స్వరం పేరు మారుతుంది గానీ మలుపు కదలదు. ఇంట్లోనే కనుక్కోవచ్చు: ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో ఒకే ఆరోహణ పాడి, విరిగిన చోటల్లా యాప్‌లో అంకె రాసుకోండి. మూడు అంకెలూ దగ్గరగా ఉంటే అది గొంతు మలుపు. చెల్లాచెదురుగా ఉంటే మలుపు కాదు, అలసటో ఊపిరి అలవాటో చూడాలి.

మలుపు ఎందుకుందో రెండో వారం బొమ్మ గీసి చెప్పారు. స్వరపేటికలో ముఖ్యంగా రెండు కండరాలు పనిచేస్తాయి. ఒకటి స్వరతంత్రుల లోపలే ఉండి వాటిని పొట్టిగా, దళసరిగా చేస్తుంది. మాట్లాడే గొంతు, మంద్రస్థాయి (కింది స్వరాలు) దీని బలమే. దీన్ని థైరోఅరిటినాయిడ్ అంటారు. రెండోది పేటిక ముందు భాగంలో ఉండే క్రికోథైరాయిడ్. ఇది తంత్రులను సాగదీసి పలచన చేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ మొదటిది కొంచెం కొంచెంగా వదలాలి, రెండోది కొంచెం కొంచెంగా పట్టాలి. ఈ అప్పగింత జరగకుండా మొదటిదాన్నే చివరిదాకా బిగించి పట్టుకుంటే ఒకచోట అది ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. మనకు వినిపించే పగులు అదే.

వీణ తెలిసినవాళ్లకు ఇంకా సులువుగా అర్థమవుతుంది. బొబ్బిలి ఎంతో దూరం లేదు కాబట్టి ఇక్కడ ఈ పోలిక చెప్పడం బాగుంటుంది. మంద్రం తీగను బిరడ తిప్పి బిగించుకుంటూ పోయి సారణి అనే సన్నటి తీగ పలికే శ్రుతి పలికించాలని చూస్తే తీగ తెగుతుంది. ఎత్తు శ్రుతికి సన్నటి తీగ కావాలి. వీణకు తీగలు వేరువేరు. మనకున్నది ఒక్క జత. పాడుతూనే దాన్ని సన్నం చేసుకోవాలి. పైస్థాయి నేర్చుకోవడమంటే బలం పెంచుకోవడం కాదు, సకాలంలో బరువు దించడం. ఈ క్లాసు దీన్నే పట్టుకుని ఉంది. ఊపిరి చాలక పైకి వెళ్లలేకపోతున్నామని నమ్మించి దమ్ము పట్టించే క్లాసుల కంటే ఇది చాలా మేలు.

సాధనల్లో మొదటిది స్ట్రా. గాజు గ్లాసులో సగం నీళ్లు, అందులో 5, 6 మిల్లీమీటర్ల వెడల్పున్న స్ట్రా. చివర 2 సెంటీమీటర్లు మాత్రమే మునగాలి. పెదవులు గట్టిగా మూసి, బుగ్గలు వదులుగా పెట్టి, స్ట్రాలోకి "ఊ" అంటూ మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా జారుతూ వెళ్లి మళ్లీ దిగాలి. రెండు నిమిషాలు చాలు. గొట్టంలో గాలికి అడ్డు ఏర్పడి నోట్లో ఒత్తిడి కొంచెం పెరుగుతుంది, అది స్వరతంత్రులకు పైనుంచి ఆసరాలా పనిచేసి అవి ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా కాపాడుతుంది. ఈ పద్ధతికి శాస్త్రీయంగా పేరు తెచ్చినవారిలో స్వర శాస్త్రవేత్త ఇంగో టిట్జె ఒకరు.

ఇక్కడ చూడాల్సింది బుడగలు. ఒకే తీరులో చిన్నగా వస్తుంటే సరిగా చేస్తున్నట్టు. ఒక స్వరం దగ్గర బుడగలు ఆగిపోయాయంటే గొంతు బిగుసుకుపోయింది. నీళ్లు ఎగిరి ముఖం మీద పడ్డాయంటే గాలి తోస్తున్నారు. మేష్టారు ఎదురుగా కూర్చుని ఎవరి పాట వినకుండా బుడగలు మాత్రమే చూస్తూ తప్పు చెప్పడం ఈ క్లాసులో మాకు బాగా నచ్చిన దృశ్యం. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కాబట్టి క్లాసులో కాగితపువి ఇస్తున్నారు. అవి కాసేపటికే నాని మెత్తబడి నోట్లో నొక్కుకుపోతాయి, అడ్డు మారిపోతుంది. స్టీలు స్ట్రా ఒకటి కొనుక్కుని వెంట తెచ్చుకోండి, కడగడానికి సన్న బ్రష్షు ఉన్నది చూసుకోండి.

రెండోది ఙకారం. పలకలో దిద్దుకున్నాక మళ్లీ ఎక్కడా వాడని ఈ అక్షరానికి గొంతు సాధనలో పెద్ద పీట ఉంది. "గంగ" అనే మాటలో మధ్య ధ్వని దగ్గర ఆగి, నాలుక వెనక భాగం అంగిలికి ఆనించి, ధ్వని ముక్కులోంచి పంపుతూ స్వరాలు ఎక్కాలి. నోటితో గట్టిగా అరిచే దారి మూసుకుపోతుంది కాబట్టి బరువు మోయాలన్నా కుదరదు. మలుపు దాటాక ఙ నుంచి నెమ్మదిగా "ఆ"కు తెరవాలి. తెరిచేటప్పుడు చప్పుడు ఒక్కసారిగా పెరిగితే మళ్లీ మొదటికి రావాలి.

మూడోది పైనుంచి దిగడం. మగవాళ్లు సిగ్గుపడేది ఇక్కడే. సంప్రదాయంలో దొంగ గొంతు అని తీసిపారేసే ఆ సన్నటి గొంతుతోనే తార పంచమం మెల్లగా "ఊ" అని పట్టి, ఒక్కో స్వరం దిగుతూ షడ్జం దాకా రావాలి. దారిలో అసలు గొంతులోకి ఎక్కడ మారిందో పక్కవాడికి తెలియకూడదు. కచేరీలో దొంగ గొంతు పనికిరాదన్న మాట నిజమే, కాని సాధనలో అది కావాలి. ఆ సన్నదనాన్ని కిందికి తెచ్చుకుని దానికి కొంచెం కొంచెం గట్టిదనం కలిపితేనే మధ్యలో వంతెన ఏర్పడుతుంది. బ్యాంకు ఉద్యోగి నాలుగో వారానికి రెండో శ్రుతిలో గాంధారం విరగకుండా దాటాడు. చప్పుడు సగమే ఉంది, నాణ్యత ఇంకా రావాలి, కానీ పగులు లేదు. నాలుగు వారాలకు అది మంచి ఫలితం.

అచ్చుల పాఠం అందరూ వినదగ్గది. తెలుగు మాట దాదాపుగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి పై స్వరం మీద నిలబడేది ఆ అచ్చు మీదే. విశాలమైన "ఆ"ను అలాగే పైకి ఈడ్చుకుపోతే అరుపవుతుంది. మలుపు దగ్గర దవడ అలాగే ఉంచి లోపల కొంచెం గుండ్రం చెయ్యాలి, "ఆ"కూ "ఓ"కూ మధ్యలో. "ఈ" మీద నిలబడాల్సి వస్తే పెదవులు చెవులదాకా లాగకుండా "ఏ" వైపు కాస్త తెరవాలి. వినేవాడి చెవికి అది "ఈ"గానే చేరుతుంది. పద్యం చివర రాగం తీసే ఇద్దరు నటులకూ ఈ ఒక్క సవరణతోనే మార్పు కనిపించింది. వాళ్లది మైకు లేకుండా చివరి వరుసకు వినిపించాలన్న పాత అలవాటు. నేడు కళాభారతి లాంటి వేదిక మీద మైకు నోటికి 10, 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, సన్నగా పాడినా చేరుతుంది. పై స్వరం వచ్చినప్పుడు మైకును ఇంకో జానెడు దూరం జరిపితే చాలు.

ఊపిరి పాఠం మాత్రం గందరగోళంగా ఉంది. "పొట్టలోంచి పాడండి" అని ఊరుకున్నారు. సగం మంది పొట్ట లోపలికి గుంజి గాలి తోశారు. అంటే వద్దన్న ఒత్తిడినే పెంచారు. చెప్పాల్సింది ఇది: పక్కటెముకలు విచ్చుకున్నట్టే ఉంచి గాలిని నెమ్మదిగా వదలాలి. "స్స్" అని 20 సెకన్లు ఒకే తీరుగా వదలగలిగితే చాలు. పై స్వరానికి ముందు ఛాతీ నిండా పీల్చకూడదు. నిండిన ఛాతీ తనంతట తానే గాలిని బయటికి తోస్తుంది, ఆ తోపును ఆపడానికి గొంతు బిగుస్తుంది. సగం ఊపిరితో అదే పాట ముక్క పాడి చూడండి, చాలామందికి తేలికవుతుంది. ఒక వేలు కంఠమణి మీద పెట్టుకుంటే ఇంకా తెలుస్తుంది: పై స్వరానికి అది కాస్త లేస్తే ఫరవాలేదు, గుటక వేసినట్టు పైకెగిరితే బిగించినట్టే.

ఇంతకంటే పెద్ద లోపం ఆడగొంతుల విషయంలో ఉంది. అయిదున్నర శ్రుతిలో పాడే అమ్మాయికి ఆధార షడ్జం (కింది 'స') 208 హెర్ట్జ్, తార షడ్జం 415. ఆమె మొదటి మలుపు కూడా 350 దగ్గరలోనే వస్తుంది. అంటే మధ్యస్థాయి ధైవత నిషాదాల్లో (ద, ని). పై షడ్జం చేరకముందే. ఆమె కష్టం తారస్థాయిలో వినిపిస్తుంది గానీ పుట్టేది కిందనే: పంచమం దాకా దళసరి గొంతు మోసుకొచ్చి, అదే బరువుతో షడ్జం ఎక్కడం. ఆమె పంచమం నుంచే బరువు తగ్గించుకోవడం మొదలుపెట్టాలి. ఈ క్లాసులో మగవాళ్లకిచ్చిన సాధనే అందరికీ ఇచ్చారు. పైనుంచి సన్నగా దిగిన అమ్మాయిలకు ధైవతం దగ్గర గొంతు గాలిగాలిగా, ఊదినట్టు అయిపోయింది. వాళ్లకు కావాల్సింది తంత్రులు చక్కగా మూసుకునే సాధన: "గీ", "బే" లాంటి హల్లులతో మొదలుపెట్టి, చిన్న చప్పుడుతో, పంచమం నుంచి షడ్జానికి జంట స్వరాలు (ఒక్కో స్వరం రెండేసిసార్లు). ఆరో వారంలో అడిగితే మేష్టారు ఒప్పుకుని చేయించారు. అడగకపోతే జరిగేది కాదు.

కుర్రాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. పదమూడేళ్లంటే గొంతు మారే వయసు. స్వరతంత్రులు పొడవు పెరిగి మాట్లాడే శ్రుతే దాదాపు ఒక స్థాయి దిగుతుంది. అప్పుడు గొంతు విరగడం సహజం, దోషం కాదు. వాళ్లను పెద్దవాళ్ల శ్రుతిలోనే తార మధ్యమం పట్టమని పదే పదే అడిగారు. అది తప్పు. ఆ వయసులో ఏ స్వరాలు సుఖంగా వస్తే వాటిలోనే, అవి నెలనెలా మారినా సరే, మెల్లగా పాడించాలి. మీ అబ్బాయిని పంపాలనుకుంటే ముందు ఈ విషయం మాట్లాడుకోండి.

వేళ కూడా సరిపడలేదు. తెల్లవారి మంద్రసాధన చెయ్యాలని పెద్దలు పెట్టిన ఆచారం వెనక గట్టి కారణం ఉంది. రాత్రంతా పడుకుని లేచాక తంత్రులు కాస్త ఉబ్బి బరువుగా ఉంటాయి, కింది స్వరాలు బాగా పలుకుతాయి, పైవి మొరాయిస్తాయి. లేచి ఒకటి రెండు గంటలు మాట్లాడాక గాని పైస్థాయి సాధనకు గొంతు సిద్ధం కాదు. 6:30 క్లాసుకు ఎంవీపీ కాలనీ నుంచి వచ్చేవాళ్లే 5:30కి లేవాలి, గాజువాక వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మొదటి అరగంట మంద్రానికి ఇస్తే బాగుండేది. ఇక్కడ పది నిమిషాల్లో తార షడ్జానికి వెళ్లిపోయారు. సాయంత్రం బ్యాచ్ పెడితే సగం బాధ తీరుతుంది. రాత్రి భోజనం ఆలస్యమైతే పులితేన్పులతో పొద్దున్నే గొంతు బొంగురుపోతుంది కూడా, తిన్నాక పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటలు ఎడం ఉండాలి.

గదిలో ఏసీ. బయట సముద్రపు తేమ, లోపల పొడి చలి. మెట్లెక్కి చెమటతో వచ్చి నేరుగా దాని కింద కూర్చుంటే పది నిమిషాల్లో గొంతు ఎండుతుంది. ఫ్యాను చాలు. బల్ల మీద మిరియాల కషాయం, కరక్కాయ ముక్కలు పెట్టడం మంచి మర్యాద. అయితే తిన్నదీ తాగినదీ స్వరతంత్రులను తాకదు, వెనక ఉన్న ఆహారనాళంలోకి పోతుంది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరి గొంతు హాయిగా అనిపిస్తుంది, అంతవరకే. రోజంతా మంచినీళ్లు తాగడం, ఆవిరి పట్టడం వాటికంటే పనిచేస్తాయి.

శ్రుతికి మాత్రం పూర్తి మార్కులు. ఫోను స్పీకరులో తంబుర పెట్టకుండా పెద్ద స్పీకరున్న శ్రుతి పెట్టె వాడుతున్నారు. ఫోను చిన్న స్పీకరుకు 130 హెర్ట్జ్ ఆధార షడ్జం సరిగా పలకదు, శ్రుతి వినపడక పాడేవాడు తెలియకుండానే గొంతు పెంచుతాడు. పెంచితే విరుగుతుంది.

పద్నాలుగు మంది ఉన్నారు కాబట్టి ఒక్కొక్కరికి విడిగా దొరికేది వారానికి అయిదు నిమిషాలు. ఎనిమిది మందికి మించకూడదు. కరోకే పాడేవాళ్లకు ట్రాకు శ్రుతి ఒక మెట్టు, రెండు మెట్లు దించుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. పాట అసలు శ్రుతిలోనే పాడాలన్న పట్టుదలతో చాలామంది గొంతు పాడుచేసుకుంటున్నారు.

ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడుతూ తార గాంధార మధ్యమాల దగ్గర విరిగే మగవాళ్లు నిస్సందేహంగా చేరవచ్చు. పద్యం పాడేవాళ్లు కూడా. ఆడవాళ్లు సాయంత్రం బ్యాచ్ వచ్చేదాకా, విడిగా సాధన ఇస్తానని మేష్టారు ఒప్పుకునేదాకా ఆగితే మంచిది. గొంతు ఇప్పటికే రెండు మూడు వారాలుగా బొంగురుగా ఉన్నవాళ్లు ఏ క్లాసుకూ వెళ్లకూడదు. ముందు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో మరెక్కడో లారింగోస్కోపీ (స్వరపేటికను చూసే పరీక్ష) చేయించుకుని తంత్రుల మీద బుడిపెలు లేవని తేల్చుకోవాలి.

చేరాక ప్రతి క్లాసు మర్నాడూ ఒక పరీక్ష చేసుకోండి. పొద్దున్న కాసేపు మాట్లాడాక, పక్కగదిలోకి వినపడనంత మెల్లగా తార షడ్జం "ఊ" అని పట్టండి. నిన్న పలికింది ఈరోజు గాలితో తప్ప పలకకపోతే తంత్రులు వాచాయి. ఆ రోజు స్ట్రా తప్ప ఇంకేమీ వద్దు. వరుసగా రెండు వారాలు ఇలాగే అయితే చప్పుడు తగ్గించమని మేష్టారితో చెప్పండి. ఆయన వింటారు.